ఒళ్లో సీటు

మొన్న సంక్రాంతి సెలవులకి రాజోలు వెళ్తే మా ఇంట్లో రెండే టాపిక్స్ నడుస్తున్నాయి. ఒకటి కోడిపందాలు, రెండోది మా బాబాయి కొన్న వ్యాను. మొదటిదాని గురించి ఇక్కడ రాయను, మా హెచ్ఓడీ గారు కూడా ఈ పత్రిక చదువుతారు.

వ్యాను అంటే పాత టెంపో ట్రావెలర్. సెకండ్ హ్యాండ్. డ్రైవరు కాక పన్నెండు సీట్లు, ఒక పక్క రెండు, ఇంకో పక్క ఒకటి, మధ్యలో నడవడానికి సందు. బాబాయి దాన్ని కిరాయికి తిప్పడానికే కొన్నాడు గానీ, ముందు మన కుటుంబం హాయిగా తిరగాలి అన్నది ఆయన ఆశ. యూట్యూబ్‌లో కేంపర్ వ్యాన్ల వీడియోలు చూసి చూసి ఒక ప్లాన్ వేసుకున్నాడు. వెనక మూడు వరసలు పీకేసి, 'యు' ఆకారంలో సోఫా, మధ్యలో టేబులు, రాత్రికి టేబులు దించి పైన పరుపేస్తే మంచం. "పిల్లలు అందులో ఆడుకుంటారు, పడుకుంటారు, ఇంక ఏడుపే ఉండదు" అన్నాడు. మా పిన్ని అయితే అప్పటికే రెగ్జిన్ రంగు కూడా ఎంచేసింది.

"ఒరేయ్, మెకానికల్ చదువుతున్నావు కదా, టేపు తీసుకుని కొలతలు రాయి" అని నాకు పని చెప్పాడు. కొలతలు రాశాను. రాశాక, ఈ సోఫా వద్దు బాబాయ్ అన్నాను. అక్కడ మొదలైంది గొడవ. ఆ గొడవలో నా వైపు వాదన ఇది. ఇంట్లో ఎవరూ పూర్తిగా విననివ్వలేదు కాబట్టి మీకు చెప్తున్నాను.

బయట ఊళ్ల వాళ్లకి ఒక సంగతి చెప్పాలి. కోనసీమకి వ్యాను సరదా కాదు, అవసరం. అమలాపురానికి ఇప్పటికీ రైలు రాలేదు. తిరుపతి వెళ్లాలన్నా, అన్నవరంలో వ్రతం చేయించుకోవాలన్నా, వాడపల్లి ఏడు శనివారాలు తిరగాలన్నా, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాలన్నా పది పన్నెండు మంది కలిసి ఒక బండి మాట్లాడుకుంటారు. ఆ పన్నెండు మంది లెక్కలో పిల్లలు ఉండరు. "పెద్దవాళ్లం పన్నెండు మందిమి, పిల్లలు ఒళ్లో కూర్చుంటారు" అంటాం. మన బళ్లలో పిల్లలకి కేటాయించిన సీటు ఎప్పటినుంచో అదే. ఒళ్లో సీటు.

పోయినేడాది మేమూ అలాగే ఒక అద్దె వ్యానులో వాడపల్లి వెళ్లాం. అక్క ఒళ్లో వాళ్ల బుడ్డోడు, రెండేళ్లవాడు. వ్యాను రావులపాలెం దాటి కాలవ గట్టు మీద పోతోంది. తెల్లవారుజామున బయల్దేరాం కదా, అక్కకి కునుకు పట్టింది. ఎదురుగా గేదె అడ్డం వచ్చింది, డ్రైవరు బ్రేకు కొట్టాడు. గుద్దుకోవడం లేదు, పల్టీ లేదు, గేదెకి కూడా ఏమీ కాలేదు. బుడ్డోడు మాత్రం అక్క చేతుల్లోంచి జారి ముందు సీటు వెనకాల ఉండే ఇనప పైపుకి తగిలాడు. కనుబొమ్మ మీద మూడు కుట్లు. అక్క ఆ రోజు దేవుడి దర్శనం చేసుకోలేదు. ఇప్పటికీ ఆ మచ్చ కనిపించినప్పుడల్లా "నేను పట్టుకోలేకపోయాను" అంటుంది. అది నిజం కాదని చెప్పడానికే నేను లెక్క వేశాను.

లెక్క ఫస్టియర్ ఫిజిక్సే. వాడి బరువు 12 కేజీలు. గట్టిగా బ్రేకు కొడితే బండి వేగం తగ్గే రేటు దాదాపు 0.8 జి. అంటే వాడు ముందుకి తొమ్మిది, పది కేజీల బలంతో లాగుతాడు. మెలకువగా, సిద్ధంగా ఉన్న మనిషి ఆపగలదు. కునుకులో ఉన్న తల్లి ఆపలేదు. అదే 50 కిలోమీటర్ల వేగంతో దేన్నైనా గుద్ది, పదో వంతు సెకనులో ఆగిపోయిందనుకోండి. 50 అంటే సెకనుకి 13.9 మీటర్లు. 0.1 తో భాగిస్తే 139, అంటే సుమారు 14 జి. ఆ క్షణంలో 12 కేజీల బుడ్డోడు 170 కేజీల బరువు. మూడు సిమెంటు బస్తాల పైమాటే. ప్రపంచంలో ఏ తల్లి చేతులూ దాన్ని ఆపలేవు. ప్రేమకి, 14 జి కి సంబంధం లేదు. అక్కకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలాసేపు చూసి, మడిచి బీరువాలో పెట్టుకుంది.

"అయితే ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టేసుకుంటే?" అని బావ అడిగాడు. అది ఇంకా ఘోరం. అరవై కేజీల తల్లి ఆ క్షణంలో 840 కేజీలై పిల్లాడిని బెల్టుకేసి నొక్కేస్తుంది.

ఇప్పుడు సోఫా సంగతి. బాబాయి 'యు' లో రెండు పక్కలూ కిటికీకి వీపు పెట్టి కూర్చునేవి. పాత సుమోల్లో, పాత బొలెరోల్లో వెనకాల ఎదురెదురుగా ఉండే బెంచీలు గుర్తున్నాయా? స్కూలుకి అందులోనే కుక్కి పంపేవారు మమ్మల్ని. బండి ఆగినప్పుడు ముందుకి తిరిగి కూర్చున్న వాడి ఛాతీని, తుంటి ఎముకని బెల్టు పట్టుకుంటుంది. శరీరంలో గట్టి చోట్లు అవి. పక్కకి తిరిగి కూర్చున్న వాడికి నడుం దగ్గర బెల్టు ఉన్నా పైభాగమంతా పక్కకి, అంటే బండి ముందువైపుకి విరుగుతుంది. మెడ అలా పక్కకి వంగడానికి చేసింది కాదు. పిల్లలకి మరీ కష్టం. పుట్టిన పిల్లాడికి తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది. బరువైన తల, లేత మెడ. యూరోపియన్ యూనియన్ వాళ్లు 2005 లో ఒక డైరెక్టివ్ తెచ్చి కొత్త కార్లలో, చిన్న వ్యాన్లలో పక్కకి తిరిగిన సీట్లు బిగించకూడదన్నారు. బాబాయి చూసే వీడియోల్లోని అందమైన సోఫాలు చాలావరకు బండి ఆగాక కూర్చోడానికి. ఆ ముక్క వీడియోలో చెప్పరు.

మరి వాళ్లు పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారు అని వెతికాను. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల కేలిఫోర్నియా అనే కేంపర్ వ్యాను ఒకటుంది. అందులో వెనకాల ఉండేది ముందుకి తిరిగిన బెంచి. పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది, బెల్టులు ఉంటాయి, పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటాయి. రాత్రి దాన్నే వాల్చి మంచం చేసుకుంటారు. బండి నడిచేటప్పుడు సీటు, ఆగినప్పుడు మంచం. రెండూ ఒకేసారి కాదు. కేరళ వాళ్లు 2021 లో 'కేరవాన్ కేరళ' అని టూరిజం మొదలుపెట్టాక మన వాళ్లకీ ఈ మోజు పట్టింది. అంతకుముందు కేరవాన్ అంటే మనకి సినిమా హీరో మేకప్ వేసుకునే బండే కదా. హీరో అందులో షాటుకి షాటుకి మధ్య కూర్చుంటాడు, ఆగి ఉన్న బండిలో. మనం అదే సోఫాలో పిల్లల్ని పడుకోబెట్టి హైవే ఎక్కుదామంటున్నాం.

నా ప్లాన్ ఏంటంటే, మొత్తం సీట్లు ముందుకే చూడాలి. మూడు వరసలు ఉంచి, వెనకాల మిగిలిన చోట మడిచే మంచం, సామాను. పిల్లలు రెండో వరసలో, రెండు సీట్లున్న పక్క. కిటికీ వైపు పిల్లాడి సీటు, సందు వైపు అమ్మ. అలా అయితే వాడు తలుపు వైపు వెళ్లాలంటే అమ్మని దాటాలి. ఒంటి సీటు మామ్మకి, కాళ్లు చాపుకోడానికి. చివరి వరసలో మాత్రం పిల్లల్ని పెట్టొద్దు. వెనక ఇరుసు దాటి బయటికి ఉన్న చోటు అది, గుంతలో పడ్డ ప్రతిసారీ ఎగిరేది ఆ సీటే. మన రోడ్ల మీద వాంతులు ఎక్కడ మొదలవుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

సామాను మాట వచ్చింది కాబట్టి ఒకటి. మనం చుట్టాలింటి నుంచి ఉత్త చేతులతో రాం. కొబ్బరికాయల బస్తా, అరటిగెల, పనసకాయ, పూతరేకుల డబ్బాలు. అన్నీ సీటు వెనకాల, కాళ్ల కింద. పైన వేసిన 14 జి లెక్క పనసకాయకి కూడా వర్తిస్తుంది. పది కేజీల పనస అప్పుడు 140 కేజీలు. అందుకే సామానుకీ సీట్లకీ మధ్య బోల్టులతో బిగించిన గ్రిల్లు ఉండాలన్నాను. దీనికి మాత్రం ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. పనసకాయ అంటే అందరికీ భయమే.

బెల్టుల దగ్గర పేచీ వచ్చింది. మా వ్యానులో ఉన్నవి ఉత్త నడుం బెల్టులు. పిల్లల సీట్లు ఎక్కువగా భుజం మీంచి వచ్చే మూడు పాయింట్ల బెల్టుతోనో, ఐసోఫిక్స్‌తోనో బిగించేవి. ఆ బెల్టు బిగించాలంటే సీటు ఫ్రేమే దానికి తగ్గది ఉండాలి. బాడీ షెడ్డులో నేల రేకుకి రెండు బోల్టులు కొట్టేస్తే అవదు, బెల్టుతో పాటు సీటే ఊడొస్తుంది. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన దానికి, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. బాబాయి సోఫాకీ ఇదే వర్తిస్తుంది, నా ప్లానుకీ ఇదే వర్తిస్తుంది. అందుకని కంపెనీ సీట్లు, అవి మొదట బిగించిన చోట్లే వాడదాం, ఏ మార్పైనా ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగాకే అన్నాను. అదే చట్టానికి 2019 లో చేసిన సవరణలో 194బి అని ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయలు జరిమానా. మా ఊరి వైపు ఎవరికైనా రాసినట్టు నేను వినలేదు. రాయాలంటే ప్రభల తీర్థం రోజు ఒక పుస్తకం చాలదు.

అన్నిటికన్నా గట్టి ప్రశ్న మామ్మ వేసింది. "కాలవలో పడితే బెల్టు ఎవడు విప్పుతాడ్రా?"

ఇది కోనసీమ వాళ్లే అడగగలిగిన ప్రశ్న. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న మా నేలంతా కాలవలే, రోడ్లన్నీ కాలవ గట్లే. చాలా చోట్ల పక్కన గోడ కూడా ఉండదు. బండి కాలవలోకి వెళ్లిందన్న వార్త వినని ఏడాది లేదు. అందుకే మా వైపు డ్రైవర్లు చాలామంది బెల్టు పెట్టుకోరు. పడితే దూకేయొచ్చని నమ్మకం. నేనూ చాలా ఆలోచించాను. నీళ్లలోకి పోయే ముందు బండి గట్టు దిగుతుంది, చెట్టుకో రాయికో తగులుతుంది, పల్టీ కొడుతుంది. బెల్టు లేని వాడికి దెబ్బ తగిలేది అప్పుడే. స్పృహ తప్పినవాడు దూకలేడు, ఒక చోట కూర్చున్న పిల్లాడు ఇంకో చోట పడితే ఆ చీకటి నీళ్లలో తల్లి వాడిని వెతకలేదు. బెల్టు ఉంటే వాడు ఎక్కడున్నాడో ఆమెకి తెలుసు, చెయ్యి చాపితే బటన్ తగులుతుంది. అమ్మ పక్క సీట్లోనే ఉండాలి అన్నది అందుకే. బెల్టు కోసే చిన్న కత్తి, అద్దం పగలగొట్టే సుత్తి ఆవిడ చేతికందేలా ఉండాలి. ఇంకోటి, బాబాయి సోఫా అత్యవసర కిటికీకి అడ్డం వస్తోంది. మామ్మ భయం నిజమే. ఆ భయంతోనే చూసినా గెలిచేది నా ప్లానే.

పిన్ని మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. "ఆరు గంటలు పిల్లాడు ఆ కుర్చీలో కట్టేసినట్టు కూర్చుంటాడా? ఏడిస్తే నువ్వు ఎత్తుకుంటావా?" అంది. ఏడుస్తాడు. అబద్ధం ఎందుకు. ఎదురెదురు సీట్లు కావాలని ఆవిడ అడిగింది కూడా అన్నం పెట్టడానికీ, ముఖం చూస్తూ కబుర్లు చెప్పడానికే. దానికి నా దగ్గర గొప్ప జవాబు లేదు. గంటన్నరకో, రెండు గంటలకో బండి ఆపడం ఒక్కటే. ఆగినప్పుడు వెనక మంచం మీద దొర్లనివ్వండి, అన్నం పెట్టండి, బట్టలు మార్చండి. తిరుపతికి రెండు గంటలు ఆలస్యంగా చేరతాం. మనం దర్శనం టైం స్లాట్ పట్టుకుని బండిని తోలతాం, పిల్లాడి ఆకలిని బట్టి తోలం. నా ఉద్దేశంలో అసలు తగాదా సీట్ల దగ్గర కాదు, ఇక్కడే ఉంది.

ఇంకా చంటిపిల్లలైతే సీటు వెనక్కి తిరిగి ఉండాలి. యూరప్ లో ఆర్129 రూల్ ప్రకారం కనీసం పదిహేను నెలలు వచ్చేదాకా. అలా అయితే దెబ్బ వీపంతా పంచుకుంటుంది, మెడ మీద పడదు. దాన్ని కారులో ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా మాత్రం పెట్టకూడదు. మీ ఇంట్లో ఎర్టిగానో ఇన్నోవానో ఉంటే ఒకసారి రెండో వరస సీటు మడతలో వేళ్లు పెట్టి చూడండి, ఐసోఫిక్స్ కొక్కేలు తగలొచ్చు. మా బావ మూడేళ్ల నుంచి ఎర్టిగా నడుపుతున్నాడు, అవి ఉన్నాయని తెలీదు. అందులో ఇన్నాళ్లూ వేరుశనగ తొక్కలు ఉన్నాయి.

చివరికి ఏమైందంటే, సోఫా ఆర్డరు ఆగింది. రద్దు అవలేదు, ఆగింది. రెగ్జిన్ కి ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి రాలేదని బాబాయి నా మీద కొంచెం గుర్రుగానే ఉన్నాడు. అక్క మాత్రం ఎవరినీ అడక్కుండా ఆన్‌లైన్‌లో పిల్లల సీటు ఒకటి తెప్పించి ఎర్టిగాలో పెట్టించింది. నేను హాస్టల్‌కి బయల్దేరిన రోజు బస్టాండు దాకా అందులోనే దింపారు. బుడ్డోడు సీట్లో కూర్చుని దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. అక్క వాడి పక్కనే కూర్చుని, కాలు పట్టుకుని, మెలకువగానే ఉంది.