రాత్రికి ఆమె ఎక్కడ ఉండాలి?

భర్త కొడుతున్నాడని పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన స్త్రీకి చాలాకాలం మన చట్టం చూపించిన దారి ఒక్కటే: కేసు పెట్టడం. 1983లో ఐపీసీలోకి వచ్చిన 498ఎ సెక్షన్ చేసిన పని అదే. అవసరమైన సెక్షనే, కాదనలేం. కానీ కేసు పెట్టిన రాత్రి ఆమె ఎక్కడ తలదాచుకోవాలి? పిల్లల ఫీజు ఎవరు కట్టాలి? అత్తగారి బీరువాలో ఉండిపోయిన పుట్టింటి నగలు ఎవరు తెచ్చివ్వాలి? వీటికి అందులో జవాబు దొరికేది కాదు. ఆ జవాబులను చట్టంలో రాయించడానికి ఏళ్ల తరబడి పాటుపడిన న్యాయవాది ఇందిరా జైసింగ్.

1940లో ముంబైలో పుట్టిన ఆమె, 1981లో ఆనంద్ గ్రోవర్‌తో కలిసి లాయర్స్ కలెక్టివ్‌ను స్థాపించారు. కేరళ సిరియన్ క్రైస్తవ ఆడపిల్లలకు తండ్రి ఆస్తిలో సమాన వాటా తెచ్చిన మేరీ రాయ్ కేసు వాదించారు. ఆ తీర్పు వచ్చిన 1986లోనే బాంబే హైకోర్టులో సీనియర్ అడ్వకేట్ హోదా పొందిన తొలి మహిళ అయ్యారు. 2009లో అదనపు సొలిసిటర్ జనరల్ పదవి దక్కిన తొలి మహిళా ఆమే. ఇన్ని ఉన్నా, ఆమె పేరు చెప్పగానే ముందు గుర్తు చేసుకోవాల్సింది గృహహింస చట్టాన్ని.

ఆ చట్టం ఊరికే రాలేదు. 2002లో కేంద్రం లోక్‌సభలో పెట్టిన బిల్లు ప్రకారం భర్త అలవాటుగా కొడితేనే అది హింస. పైగా తననో, ఆస్తినో కాపాడుకోవడానికి అలా చేయాల్సి వచ్చిందని అతను తప్పించుకునే వీలు కూడా అందులో ఉంది. ఇల్లు వదలకుండా ఉండే హక్కు ఊసే లేదు. లాయర్స్ కలెక్టివ్ అప్పటికే తన ముసాయిదా తయారుచేసుకుంది. మహిళా సంఘాలతో కలిసి ఆ బిల్లును గట్టిగా ఎదిరించింది. బిల్లు మురిగిపోయింది. ఆ ముసాయిదాలోని ఆలోచనలే 2005 చట్టానికి ప్రాణం పోశాయి. 2006 అక్టోబర్ 26 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం కింద బాధితురాలి గోడు విని రక్షణ అధికారి నింపే ఫారం ఒకటుంది. న్యాయవాదులు దాన్ని డీఐఆర్ అంటారు. చెంపదెబ్బ, తన్నడం వంటివి అందులో ఉంటాయి, సరే. మగపిల్లాడిని కనలేదని తిట్టడం, ఉద్యోగానికి వెళ్లనివ్వకపోవడం, మందులు కొనివ్వకపోవడం, చచ్చిపోతానని బెదిరించడం, అద్దె కట్టకుండా వదిలేయడం కూడా ఉన్నాయి. "ప్రతి ఇంట్లో ఉండేదేగా, సర్దుకుపో" అని పెద్దలు చెప్పే విషయాలన్నీ ప్రభుత్వం అచ్చువేసిన కాగితం మీద నేరుగా హింస కింద నమోదవుతున్నాయి. ఆ కాగితం విలువ ఎంతో, అంతకుముందు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు.

ఇక ఈ చట్టంలోని 17వ సెక్షన్. ఇల్లు ఎవరి పేరు మీదున్నా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. దీనికే మొదటి దెబ్బ తగిలింది. చట్టం అమల్లోకి వచ్చిన రెండు నెలలకే, 2006 డిసెంబర్‌లో, బాత్రా కేసులో సుప్రీంకోర్టు అత్తగారి సొంత ఇంట్లో కోడలికి ఆ హక్కు లేదంది. ఇంకేం, "ఇల్లు మా అమ్మ పేరు మీదుంది" అన్న ఒక్క మాటతో కోడళ్లను వీధిలో నిలబెట్టే దారి దొరికింది. ఆ దారి మూసుకోవడానికి దాదాపు 14 ఏళ్లు పట్టింది. 2020 అక్టోబర్‌లో సతీష్ చందర్ అహూజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పాత తీర్పు సరికాదని తేల్చింది. ఆ పద్నాలుగేళ్లలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకు మాత్రం ఆ తీర్పు తెచ్చిచ్చిందేమీ లేదు.

చట్టం రాయించి ఊరుకోవడం జైసింగ్ పద్ధతి కాదు. 2007 నుంచి కొన్నేళ్లపాటు ఆ చట్టం ఎలా అమలవుతోందో లాయర్స్ కలెక్టివ్ నివేదికలు తెచ్చింది. తాము గెలిచిన చట్టానికి తామే లెక్కలు అడిగే న్యాయవాదులు ఎంతమంది? ఈ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి.

అయినా అసలు లోటు తీరలేదు. పిటిషన్‌ను 60 రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలని చట్టం చెబుతుంటే, గృహహింస కేసులు ఏళ్లకేళ్లు వాయిదాల్లో నలుగుతున్నాయి. డీఐఆర్ నింపాల్సిన రక్షణ అధికారి పని చాలాచోట్ల ఇంకో ఉద్యోగం చేస్తున్నవారికి అదనపు బాధ్యత. ఈ అధికారులను నియమించాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను మరోసారి ఆదేశించాల్సి వచ్చిందంటే, చట్టం వచ్చి ఇరవై ఏళ్లయినా ప్రభుత్వాలు ఎంత పట్టించుకున్నాయో అర్థమవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ అదనపు బాధ్యతల పద్ధతి మానుకోవాలి. ప్రతి రెవెన్యూ డివిజన్‌లో ఈ పని ఒక్కటే చేసే అధికారిని పెట్టి, వాహనం, సిబ్బంది ఇచ్చి, ఆ అధికారి ఫోన్ నంబరు ప్రతి అంగన్‌వాడీ గోడ మీదా రాయించాలి.