ముద్ద దిగిన రోజులే అసలు లెక్క

క్లోమం, పిత్తాశయం, జీర్ణాశయం... వీటిలో ఎక్కడ కేన్సర్ ముదిరినా, ఒక్కోసారి జీర్ణాశయం నుంచి చిన్నపేగుకు వెళ్లే దారి మూసుకుపోతుంది. తిన్నది కిందికి దిగదు. కడుపు ఉబ్బరిస్తుంది. ఎప్పుడో తిన్న అన్నం కూడా వాంతి రూపంలో బయటికి వచ్చేస్తుంది. రోగి చిక్కిపోయి కీమోథెరపీని తట్టుకునే శక్తి కోల్పోతాడు. ఈ దశలో చాలామందికి కణితిని కోసి తీసేయడం వీలుకాదు. మిగిలినవి కొన్ని నెలలే కావచ్చు. ఆ నెలల్లో నోటితో తినగలిగేలా చేయడమే చికిత్స లక్ష్యం.

దీనికి పాత పద్ధతి శస్త్రచికిత్స. అడ్డంకిని అలాగే వదిలేసి, చిన్నపేగును జీర్ణాశయానికి కలిపి కుడతారు. ఆ తర్వాత ఎండోస్కోపీ ద్వారా స్టెంటు వేసే పద్ధతి వచ్చింది. మూసుకుపోయిన చోటే లోహపు జాలీ గొట్టాన్ని విచ్చుకునేలా చేస్తారు. పొట్ట కోయనక్కర్లేదు, త్వరగా తినడం మొదలుపెట్టవచ్చు. అయితే కొన్నాళ్లకు జాలీ కన్నాల్లోంచి కణితి లోపలికి పెరిగి దారి మళ్లీ మూసుకుపోవచ్చు. ఈ రెండింటినీ పోల్చిన నెదర్లాండ్స్ అధ్యయనం 2010లో వెలువడింది. స్టెంటుతో తిండి త్వరగా మొదలైంది, శస్త్రచికిత్స ఫలితం ఎక్కువ కాలం నిలిచింది. అందులో పాల్గొన్నది 39 మందే.

మూడో పద్ధతి ఈ రెంటి మేలునూ కలపాలని చూస్తుంది. ఎండోస్కోప్ కొనకు అమర్చిన అల్ట్రాసౌండ్‌తో, జీర్ణాశయం గోడకు ఆవల ఉన్న చిన్నపేగు మడతను వైద్యుడు గుర్తిస్తాడు. రెండు గోడలకూ రంధ్రం చేసి, డంబెల్ ఆకారంలోని స్టెంటుతో వాటిని దగ్గరగా పట్టి ఉంచుతాడు. ఇది కణితికి దూరంగా వేసిన బైపాస్. మామూలు స్టెంటుతో దీన్ని పోల్చిన అధ్యయనం 2024లో 'లాన్సెట్ గ్యాస్ట్రోఎంటరాలజీ అండ్ హెపటాలజీ'లో వచ్చింది. భారత్ సహా పలు దేశాలకు చెందిన 97 మంది రోగులు అందులో ఉన్నారు. 6 నెలల్లోపు మళ్లీ చికిత్స అవసరమైనవారు మామూలు స్టెంటు వర్గంలో 29 శాతం, బైపాస్ వర్గంలో 4 శాతం.

ఈ తేడా చిన్నది కాదు. కొన్ని నెలల ఆయుష్షే ఉన్నవారికి ఆసుపత్రికి మరోసారి వెళ్లడమంటే ఇంట్లో గడపాల్సిన రోజులు పోగొట్టుకోవడమే. కాబట్టి చికిత్సల పోటీలో 'స్టెంటు సరిగా కూర్చుందా' అన్నది సగం ప్రశ్న మాత్రమే. రోగి ఎన్ని రోజులు, ఏ రకం ఆహారం తినగలిగాడన్నది మిగతా సగం. అందుకు వైద్యుల దగ్గర సులభమైన కొలమానమే ఉంది: ఏమీ దిగకపోతే 0, ద్రవాలు మాత్రమే అయితే 1, మెత్తని ఆహారమైతే 2, దాదాపు మామూలు భోజనమైతే 3.

అలాగని మామూలు స్టెంటును పక్కన పెట్టేయడం తొందరపాటే. బైపాస్ స్టెంటు ఖరీదైనది. అది జారినా, సరైన చోట పడకపోయినా జీర్ణాశయంలోని పదార్థం పొట్టలోకి కారే ప్రమాదం ఉంది. పొట్టలో నీరు బాగా చేరినవారికి ఈ పద్ధతి కష్టం. ఆయుష్షు వారాల్లోనే ఉన్నవారికి మామూలు స్టెంటు సరిపోవచ్చు. పైగా ఇంతవరకు వచ్చిన మంచి ఫలితాలు ఎక్కువగా ఆరితేరిన నిపుణుల చేతుల్లో వచ్చినవే.

భారత్‌కు సవాలు ఇక్కడే ఉంది. గంగా మైదానంలో పిత్తాశయ కేన్సర్ ఎక్కువ, ఈ అడ్డంకికి అది ముఖ్య కారణాల్లో ఒకటి. అల్ట్రాసౌండ్ ఎండోస్కోపీ నైపుణ్యం మాత్రం ప్రధానంగా పెద్ద నగరాల్లోనే ఉంది. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఈ శిక్షణను పెంచాలి. ప్రతి రోగి విషయంలోనూ తినగలిగిన రోజులు, మళ్లీ ఆసుపత్రికి వచ్చిన సార్లు, కుటుంబానికి అయిన ఖర్చు నమోదు చేయాలి. ఆ వివరాలు మన దగ్గర పోగైనప్పుడే, ఏ చికిత్స ఎవరికి తగినదో మన రోగుల అనుభవంతోనే చెప్పగలుగుతాం.