విజయవాడ – విశాఖ విమానయానము

విజయవాడకు విశాఖపట్టణ మెంత దూరము? రైలుమార్గమున 350 కిలోమీటర్లు. గన్నవరము విమానాశ్రయమునుండి విశాఖ విమానాశ్రయమునకు ఆకాశమార్గమున సుమారు 290 కిలోమీటర్లు. విమానసంస్థలు చూపు ప్రయాణకాలము రమారమి ఒక గంట. ఈ గంటను చూచియే రెండు నగరములును ఇరుగుపొరుగు లైనవని సంతోషించువారు పెక్కండ్రు కలరు. ఆ సంతోషము తొందరపాటని మా యభిప్రాయము.

స్వల్పదూరములందు విమానవేగము పూర్తిగ అక్కరకు రాదు. ఇట్టి మార్గములకు తగిన ఏటీఆర్ 72 విమానము గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్కను 290 కిలోమీటర్లు ముప్పదియైదు నిమిషములలో ముగియవలయును. కాని నేలపై పరుగిడుటకును, పైకెగయుటకును, వేగము తగ్గించుకొని దిగుటకును తక్కిన కాలము చెల్లిపోవుచున్నది.

నేలమీది లెక్క యింతకన్న పెద్దది. గన్నవరము విజయవాడకు సుమారు 20 కిలోమీటర్లు. విమానము కదలుటకు గంట ముందే అచ్చట నుండవలయును. దిగినపిమ్మట సామానుకై నిలుచుట, మరల బాడుగకారు వెదకుకొనుట తప్పదు. ఇల్లు విడిచినది మొదలు గమ్యము చేరువరకు గణించినచో మూడున్నర, నాలుగు గంటలు పట్టుట వింత కాదు. 2023 జనవరిలో ప్రారంభమైన వందేభారత్ రైలు విజయవాడనుండి విశాఖకు సుమారు నాలుగున్నర గంటలలో చేరి, ప్రయాణికుని ఊరినడుమ దింపుచున్నది.

నౌకాదళ స్థావరమందలి విశాఖ విమానాశ్రయము నగరమున కానుకొనియే యున్నది. దానికి మారుగ తలపెట్టిన భోగాపురము నగరమునకు సుమారు 45 కిలోమీటర్లు. విజయనగర, శ్రీకాకుళ వాసులకు అది మేలే. విశాఖవాసికి మాత్రము ఆకాశమున పెరుగునది అయిదారు నిమిషములు. నేలపై పెరుగునది గంట.

2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఉడాన్ పథకము, గంట ప్రయాణమునకు సగము ఆసనములపై 2,500 రూపాయల పరిమితి విధించెను. ఉద్దేశము మెచ్చదగినదే. అయినను అచ్చటను కొలబద్ద ఆకాశమందలి గంటయే గాని, నేలపై గడచు గంటలు కావు.

ఇది ధనికుల సౌఖ్యమునకు మాత్రమే సంబంధించిన చర్చ కాదు. 2019లో వేరుపడిన రాష్ట్ర హైకోర్టు అమరావతియందున్నది. ఉత్తరాంధ్రమునుండి భూమి వ్యాజ్యమునకై వచ్చు రైతు వేకువను బయలుదేరి, వకీలును చూచి, ఆ రాత్రికే యిల్లు చేరగలడా? చేరలేడేని విమానమునకు వెచ్చించిన సొమ్మునకు తోడు బసవ్యయమును మీదబడును. రాజధాని దూరమన్న మాట ఆ ప్రాంతమున ఊరక పుట్టలేదు.

కావున అధికారులు విమానాశ్రయ భవనముల వైశాల్యముతో తృప్తి చెందరాదు. విమానవేళల ననుసరించి బస్సులు నడపవలయును. భోగాపురమునకు రాకపోకలు మారుటతోడనే దారియు, వాహనములును సిద్ధముగ నుండవలయును. ఉదయము పోయి రాత్రికి మరలివచ్చుటకు వీలగునట్లు విమానవేళలు కుదుర్పవలయును. గడపనుండి గడపకు దూరము తగ్గిననాడే ఆ గంటకు విలువ.