పాటకు ఏడుస్తాను గానీ...

ఒక పాట విని ఏడ్చామంటే, ఆ పాట పిలిచిన చోటికి మూటాముల్లె సర్దుకుని బయలుదేరడానికి ఒప్పుకున్నట్టేనా? మా ఇంట్లో రెండు నెలలుగా ఇదే పంచాయితీ. మా ఆయనకు ఇంకో మూడేళ్ళలో రిటైర్మెంటు. నల్లగొండలో ఉన్న ఈ ఇల్లు కిరాయికిచ్చి, మర్రిగూడ వైపు ఉన్న వాళ్ళ ఊళ్ళో పాత పెంకుటిల్లు బాగుచేయించుకుని అక్కడే ఉందామంటారు. ఎందుకంటే సరైన జవాబు ఉండదు. ఫోన్ తీసి పాట పెడతారు. పాట అయ్యేసరికి ఇద్దరి కళ్ళూ తడి. "చూసినవా, నీకూ ఉంది ఆశ" అంటారు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ పాట మీకందరికీ తెలిసిందే. "పల్లె కన్నీరు పెడుతుందో". మన పాలమూరు బిడ్డ, గౌరారం గోరటి వెంకన్న రాసింది. 2002లో వచ్చిన కుబుసం సినిమాలో వందేమాతరం శ్రీనివాస్ పాడారు. సినిమా ఎంతమందికి గుర్తుందో గానీ పాట మాత్రం బస్టాండ్లలో, పెళ్ళి పందిళ్ళలో, గణేశ్ మండపాల్లో, ఉద్యమం రోజుల్లో ప్రతి ధూంధాంలో మోగింది. వెంకన్నకు 2021లో "వల్లంకి తాళం"కు సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిందని పేపర్లో చూసినప్పుడు, మా ఇంటి మనిషికి వచ్చినంత సంతోషపడ్డాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, పాట మీద నాకేదో కోపం ఉందని అనుకోకండి. నేను తెలుగు బి.ఏ. చదివినదాన్ని. మంచి పాట ఏదో గుర్తుపట్టగలను.

అసలు ఆ పాటకు ఎందుకంత బలం? నేను చాలాసార్లు ఆలోచించాను. పల్లె అందంగా ఉండేది, పచ్చగా ఉండేది అని చెప్పే పాటలు సినిమాల్లో బోలెడున్నాయి, అవి విని ఎవరూ ఏడవరు. వెంకన్న అందం జోలికి పోలేదు. కుమ్మరి, కమ్మరి, వడ్ల, సాలె, ఇట్లా ఒక్కో పని చేసే చేతిని తలుచుకుంటూ ఆ పని ఎట్లా ఆగిపోయిందో చెప్పుకుంటూ పోయాడు. పోయిన మనిషి ఇంట్లో, పదకొండో రోజు ముసలమ్మలు కూర్చుని "ఇది ఆయన చెంబు, ఇది ఆయన కర్ర" అని ఒక్కో వస్తువు తీసి చూపిస్తుంటారు చూడండి, అట్లా. ఏడుపు మనిషి పేరు చెబితే రాదు, చెంబు చూస్తే వస్తుంది. పైగా ఊరు దానంతట అది పాడైపోయిందనలేదాయన. ఎక్కడో దూరాన, కంటికి కనబడకుండా ఎవరో నడిపిన వ్యాపారం వల్ల పాడైందన్నాడు. ఏడుపులో కోపం కూడా కలిసింది కాబట్టే ఇరవై ఏళ్ళు దాటినా పాట చల్లారలేదు.

ఊరి మీద బెంగ ఒకప్పుడు నిజంగానే జబ్బుల లెక్కలో ఉండేదట. 1688లో స్విట్జర్లాండ్‌లో జొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి దానికి "నోస్టాల్జియా" అని పేరు పెట్టాడు. తిరిగి రావడం, నొప్పి అనే రెండు గ్రీకు మాటలు కలిపి చేసిన పేరు. స్విస్ యువకులు పరాయి రాజుల సైన్యాల్లో జీతానికి పోయేవాళ్ళు. ఊళ్ళో పశువుల కాపరులు పాడే పాట అక్కడ వినబడితే చాలు, ఏడ్చేవాళ్ళని, పారిపోయేవాళ్ళని, ఆ పాట సైన్యంలో వినిపించకూడదని మరణశిక్ష కూడా పెట్టారని రూసో తన సంగీత నిఘంటువులో రాశాడు. ఆయన ఇంకో మాట కూడా రాశాడు. ఆ బాణీలో గొప్పతనమేమీ లేదు, వేరే దేశం వాళ్ళు వింటే ఏమీ కాదు, అది సంగీతంలా కాదు జ్ఞాపకానికి గుర్తులా పనిచేస్తుందని. అంటే పాట ఒకటే అయినా, వినేవాడి జ్ఞాపకంలో ఏముందో అదే లోపలినుంచి లేస్తుంది.

నా వాదన అక్కడే మొదలవుతుంది. ఒకే పాట విని ఆయనా నేనూ ఏడుస్తాం, నిజమే. ఇద్దరం ఒకే దానికి ఏడుస్తున్నామని ఎవరు చెప్పారు?

మా చిన్నోడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికి మా పాట పడదు. "ఇది విను మమ్మీ" అని ఓరోజు వాడి ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టాడు. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు బృందం, 1975 నాటి పాట, "విష్ యు వర్ హియర్". ప్రోగ్రెసివ్ రాక్ అంటారట దాన్ని. ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది గానీ మొదలు మాత్రం భలే ఉంది. ఎవరో రేడియో ముల్లు తిప్పుతున్నట్టు మాటలు, వయొలిన్లు ముక్కలు ముక్కలుగా వచ్చి పోతాయి. తర్వాత గిటార్, అదీ రేడియోలోంచి వచ్చినట్టే సన్నగా, దూరంగా. కాసేపటికి ఇంకో గిటార్, మన పక్కనే కూర్చుని ఎవరో ఆ రేడియోతో పాటు వాయిస్తున్నట్టు. ఆ రేడియో చప్పుడు గిటార్ వాయించిన గిల్మర్ కారు రేడియోలోంచి తీసిందేనట. నాకు మా నాన్న రేడియో గుర్తొచ్చింది. ముల్లు హైదరాబాద్ స్టేషన్ మీద నిలబడే లోపల గురగురమని ఎన్ని గొంతులు పలికేవో!

వాడు దాని వెనక కథ చెప్పాడు. ఆ బృందం పెట్టినప్పటి మనుషుల్లో సిడ్ బారెట్ ఒకడు. మనసు చెదిరి 1968లోనే బృందానికి దూరమైపోయాడు. 1975 జూన్‌లో, అతని గురించిన పాటలే తయారుచేస్తుంటే, గుండు, కనుబొమలు కూడా గీసుకున్న లావుపాటి మనిషి ఒకాయన స్టూడియోలోకి వచ్చి కూర్చున్నాడట. చాలాసేపటి దాకా ఎవరూ గుర్తుపట్టలేదు. అతనే బారెట్. ఎవరు లేడని పాట కట్టారో ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే ఆనవాలు దొరకలేదు!

ఇది వినగానే నాకు మా ఆయన కళ్ళ ముందు మెదిలారు. ఏడాదికి రెండుసార్లు ఊరికి పోతారు, దసరాకొకసారి, పొలం కౌలు డబ్బులకొకసారి. పోయిన ప్రతిసారీ మొహం వేలాడేసుకుని వస్తారు. మగ్గం చప్పుడు లేదు, ఎద్దులు లేవు, చేదబాయిని పూడ్చి సీసీ రోడ్డేశారు, కూర్చుందామంటే ఒక్క దోస్తు లేడు. ఎదురుగా ఉన్న ఊరిని ఆయన గుర్తుపట్టలేకపోతున్నారు. ఇంటికొచ్చి ఫోన్‌లో పాట పెట్టుకుంటే అందులో దొరుకుతుంది.

ఇక మా అత్తమ్మ. పాట మోగుతుంటే ఆమె చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంటుంది, కంట్లో చుక్క రాదు. ఒకసారి అడిగాను, "ఏందత్తమ్మా, మీకు ఊరు యాదికి రాదా?" అని. "యాదికెందుకు రాదు బిడ్డా, మోకాళ్ళు మడిసినప్పుడల్ల యాదికొస్తది" అంది.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు నీళ్ళ సంగతి కొత్తగా చెప్పాలా? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు విషమే. ఆ ఊళ్ళలో బావులు, బోరింగులు దానికి ఎన్నోరెట్లు ఇచ్చాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తగ్గించే పద్ధతి ఒకటి నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి "నల్లగొండ టెక్నిక్" అని పేరొచ్చింది. ఊళ్ళకు గుడి వల్ల పేరొస్తుంది, చీర వల్ల వస్తుంది, మనకు విషం తీసే పద్ధతితో వచ్చింది. అత్తమ్మ పదమూడో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. తెల్లారకముందే లేచి పెండ తీసి, వాకిలి ఊడ్చి, అలుకు చల్లి, చేదబాయి నుంచి రోజుకు పది పన్నెండు బిందెలు నెత్తిమీద, చంకన మోసింది. ఆ మోసిన నీళ్ళే తాగింది, వాటితోనే గట్క వండి పిల్లలకు పెట్టింది. ఎముకలు వంగిపోయేదాకా మోసి, ఎముకలను వంచేదాన్నే ఇంటిల్లిపాదికీ పోసింది పాపం. 2016 తర్వాత మిషన్ భగీరథ నల్లా వాకిట్లోకి వచ్చిందని ఊరినుంచి ఎవరో చెబితే ఆమె అన్న మాట, "అరవై ఏండ్లు లేటు."

పాట వృత్తుల గురించి, అది కులవృత్తుల దుఃఖం, అందులో బిందె లేదని వెంకన్నను నేను తప్పుపట్టను. ప్రతి పాటలో ప్రతిదీ ఉండాలంటే పాట అవదు, పట్టిక అవుతుంది. నా గొడవ పాటతో కాదు, పాటను పత్రంలా చేతిలో పట్టుకుని "నడువు" అనే వాళ్ళతో. మగ్గం ఆగిపోయిందని బాధపడండి, పడాల్సిందే. ఆ మగ్గానికి రాట్నం తిప్పి కండెలు చుట్టి ఇచ్చిందెవరు? కుమ్మరి వామికి కంపా పిడకలూ మోసిందెవరు? ఆమె పని ఏ లెక్కలోనూ వృత్తి కాదు కాబట్టి అది ఆగిపోయిందని ఏడ్చేవాళ్ళూ లేరు. కొన్ని పనులు ఆగిపోవడమే మంచిదైంది కూడా. రోకలి మూలకు పడిందని, ఇసుర్రాయి తులసికోట పక్కన బండగా మారిందని కన్నీళ్ళు పెట్టుకునే ఆడమనిషిని నేనింతవరకూ చూడలేదు.

అట్లాగని ఆడవాళ్ళకు ఊరి బెంగ లేదా అంటే, మనకున్నంత బెంగ ఎవరికుంది చెప్పండి! కాలేజీలో బిరుదురాజు రామరాజు గారి జానపద గేయాల పుస్తకం చదువుతున్నప్పుడే గమనించాను. దంచేటప్పటి పాటలు, విసిరేటప్పటి పాటలు, బతుకమ్మ పాటలు, ఎక్కడ చూసినా పుట్టిల్లే. అన్న వస్తాడా, పండక్కి తీసుకుపోతాడా అని ఎదురుచూపే. మగవాడు బొంబాయి బస్సెక్కితే దాన్ని వలస అంటారు, పాట కడతారు, కట్టాలి కూడా. మన పాలమూరోళ్ళు దేశంలో ఎన్ని డ్యాముల కింద మట్టి తవ్వారో! మరి ఆడపిల్ల పెళ్ళినాడు ఊరు విడిచి జన్మకంతా పోతే దాన్ని అత్తారిల్లు అంటారు. మా ఆయన "మన ఊరు" అంటున్నప్పుడు ఆ "మన" లోకి నన్ను కలుపుకుంటున్నారే, నా ఊరు అచ్చంపేట వైపు. పాటలో పల్లె అనగానే నా కళ్ళముందుకొచ్చేది మా అమ్మ వాకిలి, చింతచెట్టు. ఆయనకు కనబడేది వాళ్ళ అరుగు. ఇన్నేళ్ళు ఒకరి పక్కన ఒకరం కూర్చుని ఒకే పాట విని రెండు ఊళ్ళకు ఏడ్చామన్నమాట.

మా అమ్మకు ఆ మాత్రం కూడా లేదు. ఆమె పుట్టినూరు కొల్లాపురం దిక్కు, కృష్ణ ఒడ్డున. శ్రీశైలం ప్రాజెక్టు కింద పాలమూరు, కర్నూలు జిల్లాల్లో దాదాపు వంద ఊళ్ళు మునిగాయి. 1981లో ఖాళీ చేయించినప్పుడు అమ్మకు అప్పటికే పెళ్ళయింది, నేను చంకలో పిల్లను. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురం తీసుకొచ్చి మళ్ళీ కట్టారు. ఇళ్ళను ఎవరు కడతారు? ఎండాకాలం నీళ్ళు తగ్గితే పాత గోడల మొదళ్ళు బయటపడతాయి. మా మేనమామ ఒకసారి అమ్మను అక్కడికి తీసుకుపోయాడు. బురదలో నిలబడి "ఇది వంటిల్లు, ఇది దొడ్డి" అని చూపించిందట. అటువంటి అమ్మ, పోయిన సంక్రాంతికి మా ఇంట్లో ఈ పాట విని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "బాగ పాడిండు" అంది. తర్వాత లేచిపోయి చాయ్ పెట్టింది. ఊరికి పోదామని ఆమె ఎవరితోనూ అనలేదు. ఏడుపుకు ఏడుపే చాలనుకుంది. అందుకే మా ఆయన కన్నా అమ్మకే ఈ పాట బాగా తెలుసని నా నమ్మకం.

ఇంతా చెప్పాక, వెళ్ళనని మొండికేశానా అంటే అదీ లేదు. ఆయన బెంగ అబద్ధం కాదు. ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసి ఇప్పుడొక చెట్టుకింద మంచమేసుకోవాలని ఉంటే తప్పేముంది? కాకపోతే ఆ మంచం పక్కకు చాయ్ ఎవరు తెస్తారు, ఎక్కణ్ణుంచి తెస్తారు, ఆ నీళ్ళు ఏ నల్లావి అనేది పాటకన్నా ముందు మాట్లాడుకోవాలి. అత్తమ్మను అడిగితే "చూసొస్త, ఉండనైతే ఉండ" అంది. ఆమె ఉండకపోతే ఆమెను ఇక్కడ వదిలేసి మేము పోయేది లేదని ఆయనకు నేనే చెప్పాను.

పోయిన ఆదివారం మేస్త్రీని తీసుకుని ముగ్గురం ఊరికి పోయాం. ఆయన అరుగు కొలిపించబోతుంటే ముందు వంటిల్లు కొలవమన్నాను. పొయ్యి గద్దె నా నడుం ఎత్తు, నల్లా లోపలికి, నీళ్ళు వడగట్టే మిషన్‌కు ప్లగ్గు, బాత్రూమ్ ఇంట్లోనే, అత్తమ్మ మంచానికి పదడుగుల లోపు, మెట్టు లేకుండా. అన్నీ అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు మేస్త్రీ. అంచనా ఇంకా చెప్పలేదు.