వేయి గజాల గురికి చోటెక్కడ?

రాజధానికి దక్షిణాన, తుగ్లకాబాద్ కోటకు చేరువలో, డాక్టర్ కర్ణీసింగ్ పేరిట ఒక షూటింగ్ రేంజి ఉన్నది. 1982 ఆసియా క్రీడల కోసం దానిని నిర్మించారు. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం భారీగా వెచ్చించి కొత్త రూపం ఇచ్చారు. అయితే అక్కడ రైఫిల్ పట్టినవాడు గురిపెట్టగల గరిష్ఠ దూరం యాభై మీటర్లే. 2010లో పెద్ద బోరు రైఫిల్ పోటీలకు చోటు వెదకవలసి వచ్చినప్పుడు నిర్వాహకులు ఢిల్లీ పొలిమేర దాటి, గుర్‌గావ్ సమీపాన కాదర్‌పూర్‌లో ఉన్న సి.ఆర్.పి.ఎఫ్. మైదానాన్ని ఆశ్రయించారు. ఆ క్రీడలలో మన షూటర్లు మొత్తం 30 పతకాలు గెలిచారు. కాదర్‌పూర్‌లో జరిగిన రెండు పోటీలలో మాత్రం మనకు ఒక్కటీ దక్కలేదు. ఇది కాకతాళీయమని సరిపెట్టుకోవడానికి వీలులేదు. సాధనకు చోటు లేని విద్యలో నైపుణ్యం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ విద్య ఏమిటో ముందుగా రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. దూరపు గురి పోటీలో షూటర్ నేలమీద బోర్లా పడుకొని, తోలుపట్టీతో రైఫిల్‌ను చేతికి బిగించుకొని, దుర్భిణి సాయం లేకుండా, సన్నని రంధ్రం గల సైటు గుండా చూస్తూ కాలుస్తాడు. దూరం 300 గజాలతో మొదలై వేయి గజాల దాకా పోతుంది. వేయి గజాలంటే కిలోమీటరుకు కాస్త తక్కువ. ఆ దూరం చేరడానికి తూటాకు సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ లోపల అది భూమ్యాకర్షణకు లోనై ఎన్నో అడుగులు కిందికి జారుతుంది. ఒక మోస్తరు అడ్డగాలి వీచినా ఆరేడు అడుగులు పక్కకు తొలగుతుంది. కనుక షూటర్ చూపు గురిపలక మీద ఎంత ఉంటుందో, మైదానం పొడవునా పాతిన జెండాల రెపరెపల మీదా అంతే ఉండాలి. నిబ్బరం, గణితం, గాలిని చదివే ఓర్పు, ఈ మూడూ కలిస్తేనే ఈ ఆట. ఆవేశపరుడికి ఇందులో చోటు లేదు.

మన దేశంలో ఆయుధానికీ పౌరుడికీ మధ్య గల సంబంధానికి ఒక రాజకీయ చరిత్ర ఉన్నది. 1878 నాటి ఆయుధ చట్టం భారతీయులను నిరాయుధులను చేసి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ వివక్షను జాతీయ కాంగ్రెస్ ఏళ్ల తరబడి నిరసించింది. 1931 కరాచీ మహాసభ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును కూడా చేర్చింది. స్వాతంత్ర్యానంతరం 1951లో జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు మరెవరో కాదు, లోక్‌సభ సభాపతి మావలంకర్. అహింసా సమరంలో పలుమార్లు జైలుకు వెళ్లిన గాంధేయవాది రైఫిల్ సంఘానికి అధ్యక్షుడు కావడంలో వైరుధ్యం లేదు. ఆయుధ విద్య పాలకుల గుత్తసొత్తు కారాదనీ, క్రమశిక్షణతో పౌరుడు కూడా అభ్యసించగల కళ కావాలనీ ఆ తరం తలచింది. బికనీరు మహారాజైన కర్ణీసింగ్ పాతికేళ్లు లోక్‌సభ సభ్యుడుగా ఉంటూనే ఐదు ఒలింపిక్ క్రీడలలో దేశం తరఫున పాల్గొన్నాడు. అయితే ఆయన వంటివారికి సొంత ఎస్టేటు ఉండేది. సామాన్యుడి మాటేమిటి?

సామాన్యుడికి పది మీటర్ల దగ్గర తలుపు తెరుచుకున్నది. ఎయిర్ రైఫిల్‌కు ఒక పెద్ద గది చాలు. ఇరవై రెండు బోరుకు యాభై మీటర్ల నేలా, చుట్టూ గోడా చాలు. అభినవ్ బింద్రా 2008 స్వర్ణం, గగన్ నారంగ్ 2012 కాంస్యం, 2024 పారిస్‌లో మనూ భాకర్, సరబ్‌జోత్, స్వప్నిల్ కుసాలే గెలిచిన పతకాలు అన్నీ పది నుంచి యాభై మీటర్ల లోపలి విజయాలే. 300 మీటర్ల రైఫిల్ పోటీని 1972 మ్యూనిక్ తరువాత ఒలింపిక్స్ నుంచి తొలగించారు. పతకం లేని చోట ప్రభుత్వ నిధులుండవు; నిధులు లేని చోట మైదానం ఉండదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో ఆ పోటీ ఇంకా జరుగుతూనే ఉన్నా, మన దేశంలో అది యూనిఫారం వేసుకున్నవారి ఆటగా మిగిలిపోయింది. ఆ మైదానాలు సైన్యానివి, కేంద్ర సాయుధ బలగాలవి, పోలీసులవి. మన క్లబ్బుల జాబితా పట్టుకొని ఊరూరా తిరిగినా ఎదురయ్యేవి చాలామటుకు పది, ఇరవై ఐదు, యాభై మీటర్ల రేంజిలే.

ఉత్తర, ఈశాన్య భారతాలలో అనేక పట్టణాలలో ‘చాంద్‌మారీ’ అనే పేటలు కనబడతాయి. గౌహతిలో ఉన్నది, గ్యాంగ్‌టక్‌లో ఉన్నది. చాంద్‌మారీ అంటే గురిపలకను కొట్టే చోటు. ఒకప్పుడు అవి ఊరి వెలుపల ఉండిన కాల్పుల మైదానాలు. ఊళ్లు పెరిగి వాటిని మింగివేశాయి. పేర్లు మాత్రం బస్సు స్టాపుల బోర్డుల మీద మిగిలాయి. పాత మైదానం పోయిన చోట కొత్తది రాకపోవడమే మన కథ.

నేల దొరికినా చట్టం అడ్డు నిలుస్తుంది. ప్రపంచమంతటా దూరపు గురికి ప్రామాణికమైన తూటా 7.62 మిల్లీమీటర్లది, లేదా దానికి జోడైన .308. మన ఆయుధ నిబంధనలు .303, 7.62 సర్వీసు తూటాలను కాల్చగల రైఫిళ్లను నిషిద్ధ బోరు వర్గంలో చేర్చాయి. 1959 చట్టం కింద నిషిద్ధ బోరుకు అనుమతి ఇవ్వవలసినది కేంద్ర ప్రభుత్వమే. 2019 సవరణ చట్టం సామాన్య పౌరుడు ఉంచుకోగల ఆయుధాలను మూడు నుంచి రెండుకు తగ్గించింది. 2020లో హోం శాఖ గుర్తింపు పొందిన క్రీడాకారులకు ఆయుధాల, తూటాల పరిమితిని పెంచింది. ఈ సడలింపు మంచిదే. కాని అది ఇప్పటికే పేరు తెచ్చుకున్న వారికి ఉపకరిస్తుంది. పేరు తెచ్చుకోవాలంటే ముందు సాధన కావాలి. సాధనకు ఆయుధమూ చోటూ కావాలి. అవి దొరకాలంటే పేరుండాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్న సామెత వంటిదే ఈ వ్యవహారం.

బాధ్యత ఎవరిదని అడిగితే రాజ్యాంగంలోని జాబితాలను చూపుతారు. ఆయుధాలు కేంద్ర జాబితాలోనివి. క్రీడలు, పోలీసు, భూమి రాష్ట్ర జాబితాలోనివి. సైనిక మైదానం రక్షణ శాఖది, దళాల మైదానం హోం శాఖది, పతకాల లెక్క క్రీడా శాఖది. ఒక క్లబ్బు అర్జీ ఈ నాలుగు గుమ్మాల మధ్య తిరిగి తిరిగి అరిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. అమ్మా పెట్టదు, అడుక్కొని తిననూ నివ్వదు అన్నట్లున్నది పరిస్థితి.

దీనికి అధికారులు చెప్పే సమాధానం శాంతిభద్రతలు. ఈ ఆక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. ఉత్తరాదిలో పెళ్లి ఊరేగింపులలో గాలిలోకి కాల్చిన తూటాలకు ఎందరో బలి కావడం వల్లనే 2019 సవరణలో ఆ చేష్టను ప్రత్యేక నేరంగా చేర్చవలసి వచ్చింది. ఆయుధాల అపహరణ ఎటువంటి అనర్థాలకు దారితీసిందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. తుపాకీని ఇంటింటికీ పంచమని ఎవరూ కోరడం లేదు. కోరవలసినది సరిగ్గా దానికి విరుద్ధమైనది: తుపాకీ ఎన్నడూ రేంజి గడప దాటని ఏర్పాటు. ఆయుధం రేంజి ఆయుధాగారంలో ఉంటుంది. సభ్యుడు వచ్చి సంతకం చేసి తీసుకొంటాడు, పర్యవేక్షకుడి ఎదుట కాలుస్తాడు, ఖాళీ తొడుగులు లెక్క చూపి ఆయుధాన్ని తిరిగి అప్పగిస్తాడు. లైసెన్సు క్లబ్బు పేరిట ఉండి సభ్యులు సాధన చేసే పద్ధతి మన నిబంధనలకు కొత్తదేమీ కాదు.

బ్రిటన్ ఉదాహరణ ఇక్కడ చూడదగినది. అక్కడి జాతీయ రైఫిల్ సంఘం 1859లో ఏర్పడి, 1890లో బిస్లీకి తరలింది. ఆ మైదానంలో 1200 గజాల దాకా కాల్చవచ్చు. సైనికుడూ పౌరుడూ ఒకే వరుసలో పడుకొని పోటీ పడతారు. 1996లో డన్‌బ్లేన్ పాఠశాలలో పసిపిల్లలను ఒక దుర్మార్గుడు కాల్చి చంపిన మీదట ఆ దేశం చేతి తుపాకులను దాదాపుగా నిషేధించింది. అయినా ప్రభుత్వ ఆమోదం పొందిన క్లబ్బులలో రైఫిల్ సాధన కొనసాగింది. కొత్త సభ్యుడు కొంతకాలం పరిశీలనలో ఉండి తీరాలి. కఠినమైన చట్టమూ తెరిచిన మైదానమూ ఒకే దేశంలో ఇమడగలవని దీని వల్ల రుజువవుతున్నది. స్విట్జర్లాండ్‌లోనైతే 300 మీటర్ల రేంజి అనేక గ్రామాలలో మామూలు విషయం.

ఇక నేల ప్రశ్న. పెద్ద బోరు తూటా గురి తప్పితే మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. కనుక గురిపలక వెనుక ఎత్తైన కట్టా, దాని వెనుక జనసంచారం లేని విశాల ప్రదేశమూ అవసరం. మన వంటి జనసాంద్ర దేశంలో అటువంటి నేల ఖాళీగా పడి ఉండదు. ఎవరో ఒకరి పొలమో, పోడో, పశువుల మేతబయలో అయి ఉంటుంది. జార్ఖండ్‌లోని నేతర్‌హాట్ చరిత్ర మన కళ్లెదుటే ఉన్నది. 1938 నాటి చట్టం కింద ఫిరంగి సాధనకు కేటాయించిన ఆ ప్రాంతంలో, 1990ల ఆరంభం నుంచి ఆదివాసులు సంఘటితంగా ప్రతిఘటించారు. దాదాపు మూడు దశాబ్దాల పోరాటం తరువాత, 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆ నోటిఫికేషన్‌ను పొడిగించరాదని నిర్ణయించింది. ఫిరంగి మైదానమూ రైఫిల్ రేంజీ ఒకటి కావన్నది నిజమే. కాని కొందరి వినోదం కోసం ఒక్క పల్లెనైనా లేపివేయడం ఏ ప్రజాస్వామ్యానికీ శోభ కాదు. క్రీడాభిమానులే ఈ మాట ముందుగా అనాలి.

కాబట్టి కొత్త నేల కోరడం కాదు, ఉన్న నేలను పంచుకోవడమే మార్గం. పోలీసు శిక్షణ కళాశాలలకు, కేంద్ర బలగాల స్థావరాలకు, కంటోన్మెంట్లకు అనుబంధంగా ఇప్పటికే ఉన్న రేంజిలలో నెలకు రెండు ఆదివారాలు గుర్తింపు పొందిన పౌర క్లబ్బులకు కేటాయిస్తే చాలు. రుసుము తీసుకోవచ్చు, బీమా తప్పనిసరి చేయవచ్చు, సభ్యుల పూర్వచరిత్రను పోలీసులు విచారించవచ్చు, రహస్య స్థావరాలను మినహాయించవచ్చు. ఏ జిల్లాలో ఏ రేంజి, ఎన్ని గజాలు, ఏ రోజున తెరిచి ఉంటుంది అన్న జాబితాను హోం శాఖ ఏటా ప్రకటించాలి. ఈనాడు ఔత్సాహికుడికి చోటు దొరకడం ఎవరో పై అధికారి పరిచయం మీద ఆధారపడి ఉన్నది. పరిచయం స్థానంలో ప్రకటన వస్తే, అనుగ్రహం స్థానంలో హక్కు వచ్చినట్లే. సిఫారసు తేలేని గుమాస్తా కుమార్తెకూ, మాజీ సైనికుడి కుమారుడికీ అది తేడా చూపుతుంది.

తెలుగు నేలకు ఇందులో పాత్ర లేకపోలేదు. గగన్ నారంగ్ తుపాకీ పట్టడం నేర్చినది హైదరాబాదులో. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో పతకాలు తెచ్చిన ఈషా సింగ్ తెలంగాణ బిడ్డ. జాతీయ పోలీసు అకాడమీ హైదరాబాదులోనే ఉన్నది. ఒకనాడు ఊరూరా సాము గరిడీలు నడిపిన సంప్రదాయం మనది. గరిడిలో చేరినవాడికి గురువు మొదట నేర్పినది కర్ర తిప్పడం కాదు, కర్రను ఎప్పుడు దించాలో తెలుసుకోవడం. ఉభయ రాష్ట్ర ప్రభుత్వాలు తమ పోలీసు రేంజిలలో ఒక్కొక్కదానిని ఈ పద్ధతిన తెరిచి చూపితే, కేంద్రానికి సాకు చెప్పే అవకాశం తగ్గుతుంది.

కాలం కూడా తరుముతున్నది. 2022 బర్మింగ్‌హామ్ క్రీడల నుంచి షూటింగ్‌ను తొలగించినప్పుడు మన దేశం పెద్దయెత్తున నిరసించింది; బహిష్కరణ మాట కూడా వినవచ్చింది. 2030 కామన్వెల్త్ క్రీడలకు అహమ్మదాబాద్ వేదిక కానున్నది. అక్కడ షూటింగ్‌కు చోటు ఇమ్మని అడగడం మనకు సహజమే. కాని షూటింగ్ అంటే పది మీటర్ల పోటీలే కావు. 1966 కింగ్‌స్టన్ నుంచి షూటింగ్ ఉన్న ప్రతి కామన్వెల్త్ క్రీడలోనూ పెద్ద బోరు రైఫిల్ ఉన్నది. మన ఇంట పోటీ పెట్టి, మన పౌరుడు మాత్రం ప్రేక్షకుల గ్యాలరీలో కూర్చుంటే, కాదర్‌పూర్ ముచ్చట మరొకసారి జరుగుతుంది. నేల విడిచి సాము చేయమంటే ఎంతటి వస్తాదుకైనా సాధ్యం కాదు. ఉన్న నేల తలుపు తెరవడానికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త భూమి అక్కరలేదు. పౌరుడిని అనుమానితుడుగా గాక అభ్యాసకుడుగా చూడగల మనసు కావాలి. అది హోం శాఖ దస్త్రాలలో ఎప్పటికి చోటు చేసుకుంటుందో చూడాలి.