మచ్చలు మానినా మూత్ర పరీక్ష మానకండి

బిడ్డ కాళ్లమీద, పిరుదులమీద నొక్కినా పోని ఊదారంగు మచ్చలు లేచి, కీళ్లూ కడుపూ నొప్పి పెడితే అది ఐజీఏ వాస్కులైటిస్ కావచ్చు. అంటే సన్నని రక్తనాళాల వాపు. చాలామంది పిల్లలకు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. తల్లిదండ్రులు అక్కడితో ఆస్పత్రికి రావడం మానేస్తారు. మేము ఒప్పుకోలేనిది ఇదే. మూత్రపిండాల దెబ్బ నొప్పి లేకుండా, తరచు మచ్చలు మానాకే బయటపడుతుంది. మూత్రంలో ప్రొటీను బాగా పోతుంటే ఆ లోటు పూడ్చబోయి కాలేయం కొవ్వును మోసే పదార్థాలను కూడా ఎక్కువగా తయారుచేస్తుంది. రక్తంలో కొలెస్టరాల్ పెరుగుతుంది. ఆ రిపోర్టు చూసి, నెయ్యి పెట్టిందని అమ్మమ్మను తప్పుపట్టకండి!

ద్రాక్షారామం నుంచి కాకినాడ వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుందని మాకు తెలుసు. మూత్ర పరీక్షకు, బీపీ చూడడానికి అంత దూరం అక్కర్లేదు. 6 నెలలపాటు వదలకుండా చేయించండి. మూత్రం నురగ కట్టినా, డికాషన్ రంగులో వచ్చినా, పొద్దున్నే కళ్లు ఉబ్బినా ఆ రోజే తీసుకురండి.