సర్దుకుపోవడమా, నిలదొక్కుకోవడమా?

వాతావరణ మార్పుల్ని సముద్రతీరం జనం ఎలా ఎదుర్కొంటున్నారో పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎక్కువగా వాడే మాట 'అడాప్టేషన్'. దీన్ని తెలుగులో ఏమనాలి? ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు వెంటనే తట్టింది 'సర్దుకుపోవడం'. కానీ ఆ మాట మన ఇళ్లల్లో ఎప్పుడు వాడతారు? అత్తారింట్లో కష్టంగా ఉందని అమ్మాయి చెప్పుకుంటే, "సర్దుకుపోవాలమ్మా" అంటారు. అంటే నీ కష్టం తీరదు, ఇక అడక్కు అని.

కాకినాడ పక్కన ఉప్పాడ ఉంది కదా. అక్కడ ఏళ్ల తరబడి సముద్రం ఇళ్లనీ రోడ్డునీ కోసేస్తోంది. జియోట్యూబ్ గోడ కడితే అదీ దెబ్బతింది. ఒక రీసెర్చ్ స్కాలర్ అక్కడికెళ్లి "మీరెలా సర్దుకుపోతున్నారు?" అని అడిగితే, "ఏం చేస్తాం బాబూ, అలాగే బతుకుతున్నాం" అంటారు. అదే "ఇక్కడ నిలదొక్కుకోవాలంటే మీకేం కావాలి?" అని అడిగితే? జవాబు వేరేగా ఉంటుంది. ప్రశ్నలోని మాట డేటానే మార్చేస్తుంది. సీఎస్ఈ వాళ్లం, గార్బేజ్ ఇన్ గార్బేజ్ అవుట్ అని మనకి ఒకరు చెప్పాలా?

నిలదొక్కుకోవడం మన తీరానికి చేతకానిదేం కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పది వేల మంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కుదిపేసినా, రాష్ట్రంలో మృతుల సంఖ్య వంద దాటలేదు. ముందే హెచ్చరికలు రావడం, షెల్టర్లు ఉండడం, జనాన్ని ఖాళీ చేయించడం వల్లే ఇంత తేడా. సముద్రమే లేని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నుంచి ఇప్పుడు అలల హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం మత్స్యకారులకి చేరుతున్నాయి.

ప్రాణం దక్కింది సరే, బతుకు? శ్రీకాకుళం తీరం నుంచి ఎంతోమంది వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వలసపోతారు. కారణం వాతావరణం ఒక్కటే కాదు, సొంతూళ్లో సరైన జెట్టీ లేకపోవడం కూడా. 2018లో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్‌కి చిక్కి, ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు. ఆ ఘటన ఆధారంగానే 'తండేల్' సినిమా వచ్చింది. ఇలాంటి వలసని థీసిస్‌లో 'అడాప్టేషన్ స్ట్రాటజీ' అని ఒక వరుసలో రాసేయొచ్చు. ఆ ఇంట్లోవాళ్లు మాత్రం దాన్ని గతిలేక చేసిన పని అంటారు. ఈ రెండింటికీ తేడా చూపించని పరిశోధన ప్రభుత్వం చేతికెళ్తే, "వాళ్లు బాగానే సర్దుకుంటున్నారు" అనుకుని జెట్టీ ఫైలు పక్కన పెట్టేస్తారు. నా భయం అదే.

పరిశోధనలు వద్దనడం లేదు, ఇంకా కావాలి. థీసిస్ ఇంగ్లీషులోనే రాయండి, జర్నల్స్‌కి అదే కావాలి. కానీ మన తీరం మీద చేసే ప్రతి పీహెచ్‌డీకి పది పేజీల తెలుగు సారాంశం తప్పనిసరి చేయాలి. దాన్ని ఆ ఊళ్లోనే, వలలు బాగుచేసుకునే చోట కూర్చుని చదివి వినిపించాలి. తప్పుంటే వాళ్లే చెప్తారు. వైవా అంటే అది!

ఇందులో మన క్లబ్బుకీ పనుంది. హ్యాకథాన్‌లో ఇంకో తుఫాను యాప్ చేసే ముందు, ఒక్క థీసిస్ తీసుకుని ఉప్పాడలో అర్థమయ్యే తెలుగులోకి తేగలమా? నేను రెడీ. ముందుగా 'అడాప్టేషన్'కి సరైన మాట వెతకాలి. ఆ మాట మన డిక్షనరీల్లో కన్నా వాళ్ల నోట్లోనే ఉంటుందని నా నమ్మకం.